లంబసింగిలో ఐదొందల వాట్ల చీకటి

మా మామయ్యగారికి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. రాత్రి ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మిషన్ మాస్కు తగిలించుకోకపోతే ఆయనకి నిద్రుండదు, ఆ గురకకి మాకూ ఉండదు. అయినా సరే లంబసింగి చూడాలన్నారు. అదీ లాడ్జిలో కాదు, టెంటులోనే పడుకోవాలట. "డెబ్బయ్యేళ్ళొచ్చాయి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు బాబూ" అనేసరికి కాదనలేక, కారు బ్యాటరీ కరెంటుని ఇంట్లో కరెంటులా మార్చే ఇన్వర్టర్ కొనడానికి బయల్దేరాను. ఈ రాత ఆ ఇన్వర్టర్ గురించే. మంచు మేఘాలు, స్ట్రాబెర్రీ తోటలు అందరూ రాసేశారు.

విశాఖలో ఓ కారు సామాన్ల షాపు. డబ్బా మీద అరచేయంత అక్షరాలతో 500 వాట్లు అని ఉంది. 2,200 చెప్పి 1,900కి ఇచ్చాడు. "సీప్యాప్ ఏంటి సార్, మిక్సీయే తిరుగుతుంది" అన్నాడు. ఆ 500 అనేది ఒక్క క్షణం పాటు లాగగలిగే లెక్కనీ, నిలకడగా ఇచ్చేది 250 మాత్రమేననీ డబ్బా అడుగున చీమతలంత అక్షరాల్లో ఉంది. అది లంబసింగిలో టార్చి వేసుకుని చదివాను.

నర్సీపట్నం దాటి ఘాటెక్కి సాయంత్రం నాలుగింటికి చేరాం. ఇద్దరు పట్టే టెంటు 1,200. మేం నలుగురం, రెండు తీసుకున్నాం. బోర్డు మీద 'చార్జింగ్ సౌకర్యం కలదు' అని ఉంది. ఆ సౌకర్యం ఏమిటంటే ఏడింటి నుంచి తొమ్మిదిన్నర దాకా తిరిగే జనరేటరు, దానికో ఎక్స్‌టెన్షన్ బోర్డు, చుట్టూ పాతిక ఫోన్లు. ఫోనుకి 50 రూపాయలు. రాత్రంతా నడపమని అడిగితే డీజిలుకి 2,500 ఇమ్మన్నాడు. ఒక ముసలాయన ఊపిరికి సంబంధించిన విషయమయ్యా అన్నా వినలేదు. అప్పటికి నా దగ్గర ఐదొందల వాట్లున్నాయి కదా, నేనూ బతిమాలలేదు.

మొదటి దెబ్బ మా బామ్మర్ది కొట్టాడు. చలికి టీ కావాలని ఎలక్ట్రిక్ కెటిల్ తెచ్చి నా ఇన్వర్టర్‌కి గుచ్చాడు. అది 1,500 వాట్లది. టక్‌మంది, అంతే. పోయింది ఇన్వర్టర్ కాదు, కారు సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు. ఆ ఫ్యూజు 15 ఆంపియర్లు. పన్నెండు ఓల్టులతో గుణిస్తే 180 వాట్లు. అంటే ఆ సాకెట్‌లో గుచ్చే ఏ ఇన్వర్టర్ అయినా, డబ్బా మీద ఎంత రాసుకున్నా, 180కి మించి లాగలేదు. నిజంగా 500 కావాలంటే బ్యాటరీ నుంచి నలభై ఆంపియర్ల పైన రావాలి, దానికి చిటికెనవేలంత లావు తీగలు కావాలి. ఈ లెక్క షాపువాడికి తెలీదంటే నేను నమ్మను.

సరే, డబ్బాలో ఇచ్చిన క్లిప్పులు నేరుగా బ్యాటరీకి తగిలించి, బానెట్ సగం ఎత్తిపెట్టి, టెంటులోకి ఎక్స్‌టెన్షన్ లాగాను. మిషన్ ఆన్ అయింది. దాని అడాప్టర్ మాత్రం తుమ్మెదలా రొద మొదలెట్టింది. గంటకి ముట్టుకుంటే చురుక్కుమంది. నేను కొన్నది మాడిఫైడ్ సైన్ వేవ్ రకం. ఇంట్లో వచ్చే కరెంటు నున్నగా ఎక్కి దిగే అల అనుకుంటే, ఇది మెట్లు మెట్లుగా కొట్టే కరెంటు. బల్బు పట్టించుకోదు కానీ కొన్ని అడాప్టర్లు ఇలాగే గోల పెడతాయి, వేడెక్కుతాయి. ఇలాంటి మిషన్లకి ఇంటి కరెంటులా నున్నటి అలనిచ్చే ప్యూర్ సైన్ వేవే వాడాలి. "ఏదో పురుగు దూరినట్టుందే" అని మామయ్యగారు రెండుసార్లు టెంటంతా దులిపించారు.

రెండున్నరకి కీచుమంటూ ఇన్వర్టర్ అరిచింది. ఇంకాసేపటికి ఆగిపోయింది. నా కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు, పన్నెండు ఓల్టులతో గుణిస్తే నిండుగా ఉన్నా 420 వాట్ అవర్లే, అంటే 420 వాట్లు ఒక్క గంటసేపు. మిషన్‌లో నీళ్ళు వెచ్చబెట్టే హ్యుమిడిఫయర్ ఆన్‌లో ఉండిపోయింది, అదీ మిషనూ కలిసి అరవై వాట్లు లాగాయి. మధ్యలో ఇన్వర్టర్ తన వాటా తను తింది. మామయ్యగారు లేచి శాలువా కప్పుకుని కూర్చున్నారు, తెల్లారేదాకా మా ఆవిడ నాతో మాట్లాడలేదు. బయట ఉన్నవాడు కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడనే ఆ ఊరికి కొర్రబయలు అనే పేరొచ్చిందంటారు. నేను ఆ రాత్రి కారు పక్కనే నిలబడి ఆ మాట నిజమని ఒప్పుకున్నాను.

పొద్దున కారు స్టార్టవలేదు. ఈ ఇన్వర్టర్లు పదిన్నర ఓల్టుల దాకా పిండి గానీ ఆగవు, ఆపాటికి ఇంజను తిప్పే సత్తువ బ్యాటరీకి మిగలదు. ఓ జీపు డ్రైవరు కేబుళ్ళు వేసి స్టార్ట్ చేసి 300 తీసుకున్నాడు. అడిగినదానికన్నా ఎక్కువే ఇవ్వబోయాను, పుచ్చుకోలేదు.

ఆ రోజు కాస్త నిలబెట్టింది బొంగులో చికెనే. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చారు. చుక్క నూనె లేదు. బొంగు చీల్చి అరిటాకులోకి వంచేసరికి ఆవిరిలో వెదురు వాసన. 400 రూపాయలు, నలుగురికీ సరిపోలేదు, ఇంకోటి చెప్పాం. మామయ్యగారు నవ్వింది అప్పుడే. చెరువులవేనం, తాజంగి చెరువు చూశాం, బాగున్నాయి.

జనవరి చివర్లో మళ్ళీ వెళ్ళాం. ఈసారి మిషన్‌కి ఇన్వర్టరే పెట్టలేదు. దాని అడాప్టర్ వెనక చదివితే 24 ఓల్టుల డీసీ అని ఉంది. డీసీ అంటే బ్యాటరీ ఇచ్చే రకం కరెంటు, ఏసీ అంటే ఇంట్లో వచ్చేది. బ్యాటరీలో డీసీని ఏసీ చేసి, మళ్ళీ డీసీ చేసుకోవడం దేనికి? పన్నెండుని ఇరవైనాలుగు చేసే కన్వర్టర్, ఆ మిషన్‌కి సరిపోయేదే, 6,200 పెట్టి కొన్నాను. 50 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 14,500. మండింది, కానీ రెండు రాత్రులు ఢోకా లేదు, కారు బ్యాటరీ జోలికి పోనక్కర్లేదు. ల్యాప్‌టాప్, కెమెరా చార్జర్లకి 300 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ 5,400. ఫోన్లకి అదీ వద్దు, కారు యూఎస్‌బీ చార్జర్ చాలు. ఊరికే ఆన్‌లో ఉంచినా ఇన్వర్టర్ ఐదు పది వాట్లు తాగుతుంది, పని కాగానే స్విచ్ ఆపేయండి.

హ్యుమిడిఫయర్ కట్టేయమంటే మొదట ముక్కు ఎండిపోతుందని గొణిగారు గానీ, రాత్రి పదికి మాస్కు పెట్టుకున్న మనిషి ఆరింటికి లేచారు. మీటరు చూస్తే 19 ఆంపియర్ అవర్లు ఖర్చయింది, మూడో వంతు పైన ఇంకొంచెం. రొద లేదు, అరుపుల్లేవు.

పాత ఇన్వర్టర్ షాపుకి పట్టుకెళ్తే 300కి తీసుకుంటానన్నాడు. ఇవ్వలేదు, అటక మీద ఉంది. టెంటు విప్పుతుంటే బామ్మర్ది బ్యాగులోంచి కెటిల్ జారి పడింది. "బావా, ఇది 1,500 కాదు, చిన్నది, 600దే" అన్నాడు.