చిన్న బోర్డింగ్ స్కూల్లో చదువు, ఆసరా: ఇద్దరు పిల్లల్ని చదివించాక

చిన్న బోర్డింగ్ స్కూలు అనగానే అందరూ చెప్పేది క్లాసులో పిల్లలు తక్కువ అని. తక్కువే, అది మంచిదే. కానీ చదువు నిలబడేదీ కూలేదీ పగటి క్లాసుల్లో కాదు, రాత్రి స్టడీ అవర్‌లో. చేర్చే ముందు చూడాల్సింది అదే. మామూలుగా తీసుకెళ్లి చూపించేది ల్యాబ్, ఆటస్థలం.

మా పిల్లలు చదివిన స్కూల్లో స్టడీ రాత్రి 7 నుంచి 9:15 దాకా. మొదటి గంట ఎవరి బల్ల దగ్గర వాళ్లు, మాటల్లేకుండా. పావుగంట విరామం. రెండో గంటలో ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కలు చేసుకోవచ్చు. ఈ విభజన ఎంతో ఉపయోగం. మొదట్నుంచీ కలిసి కూర్చోనిస్తే, బాగా వచ్చినవాడు చేస్తాడు, మిగతావాళ్లు ఎక్కించుకుంటారు. నోటుబుక్కులన్నీ నిండుగా ఉంటాయి, యూనిట్ టెస్టులో మాత్రం బండారం బయటపడుతుంది.

చిన్న స్కూల్లో వచ్చే చిక్కు డ్యూటీ టీచర్‌తో. రాత్రికి ఒక్కరే ఉంటారు. ఆ రోజు భాషల మేడమ్ డ్యూటీ అయితే ఫిజిక్స్ డౌట్ ఎవరు తీర్చాలి? అందుకు ఇక్కడ డౌట్ చీటీ పెట్టారు. చీటీ డబ్బాలో వేస్తే మర్నాడు ఆ సబ్జెక్టు టీచర్ చూస్తారు. మొదట్లో ఇది నడవలేదు. ‘విద్యుత్ పాఠం అర్థం కాలేదు’ అని రాసిస్తే ఏ సార్ మాత్రం ఏం చెప్తారు? తర్వాత చీటీలో మూడు గీతలు గీశారు: లెక్క నంబరు, ఎక్కడి దాకా చేశావు, తర్వాత ఏం చేద్దామనుకుని ఆగావు. మూడోది రాస్తుండగానే సగం డౌట్లు తీరిపోతాయి. రాయలేకపోతే పాఠమే మళ్లీ చెప్పాలని టీచర్‌కి తెలుస్తుంది. ఇప్పటికీ శుక్రవారం చీటీలు సోమవారం దాకా అలాగే పడి ఉంటాయి, ఈ లోటు సరిచెయ్యలేదు.

స్టడీ మొదట్లో పది నిమిషాలు పుస్తకం మూసి, ఆ రోజు పాఠంలో గుర్తున్నది తెల్లకాగితం మీద రాయిస్తారు. పిల్లలకి ఇదంటే ఒళ్లుమంట, ఎందుకంటే తెలియనిదంతా కళ్లెదుటే కనిపిస్తుంది. అయినా మానకూడని పద్ధతి. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెడితే, గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. రేపటి స్లిప్ టెస్టు కోసం చదివే పిల్లకి మొదటి పద్ధతే బాగున్నట్టు అనిపించడంలో వింత లేదు.

ఇక ఆసరా సంగతి. ఒక్కో టీచర్‌కి ఏడెనిమిది మందిని అప్పగిస్తారు. వారానికోసారి ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు. ఆ టీచరే వాళ్ల మెంటర్. మంచి మెంటర్ అయితే మార్కులు తగ్గకముందే ఇబ్బందిని పట్టేస్తారు. ముందుగా కనిపించేది మార్కు కాదు: హోంవర్క్ ఆలస్యం, తలనొప్పి అంటూ సిక్ రూమ్‌కి వెళ్లడం, భోజనానికి ఎప్పుడూ కూర్చునే చోటు మారడం. వార్డెన్ చూసింది, టీచర్ చూసింది ఒకే పుస్తకంలో రాస్తేనే ఇవి కలిపి కనిపిస్తాయి. రాయకుండా మనిషి జ్ఞాపకం మీద వదిలేస్తే, ఏడాది మధ్యలో ఆ మెంటర్ మానేసిన రోజున పిల్లవాడి సంగతి తెలిసినవాళ్లే ఉండరు. ఇక్కడ సరిగ్గా అదే జరిగింది. కొత్తగా వచ్చినాయన అన్నీ మొదట్నుంచీ అడిగారు, పిల్లలు విసిగి ‘బానే ఉంది సార్’ అనడం నేర్చుకున్నారు. చేర్చేటప్పుడు ‘మెంటర్ మారితే ఏం అప్పగిస్తారు?’ అని అడగండి. కాగితం చూపిస్తే సరే, ‘మాదంతా ఒకే కుటుంబం’ అంటే అనుమానించండి.

ఇంకో ఇబ్బంది, మెంటర్ సారే లెక్కల సార్, రాత్రికి ఆయనే వార్డెన్ కూడా. లెక్కలంటే భయమని ఆయనకే ఎలా చెప్పడం? మార్కులతో, క్రమశిక్షణతో సంబంధం లేని పెద్దవాళ్లు ఒక్కరైనా ఉండాలి, వారానికి ఒక పూట వచ్చిపోయే కౌన్సెలర్ అయినా చాలు. ఆ గది స్టాఫ్ రూమ్ పక్కనే ఉంటే మాత్రం ఎవరూ తలుపు తట్టరు.

ఇంటి బెంగ విషయంలో స్కూలు కంటే మనమే ఎక్కువ చెడగొడతాం. పడుకోబోయే ముందు ఫోన్ చేస్తే ఆ రాత్రి నిద్ర పోయినట్టే. ఆటలయ్యాక, స్టడీకి ముందు పది నిమిషాలు మాట్లాడటం మేలు. ‘నచ్చకపోతే తీసుకొచ్చేస్తాలే’ అని మాటివ్వడం అన్నిటికన్నా చేటు, ఇక అక్కడ కుదురుకునే ప్రయత్నమే మానేస్తారు.

నిద్ర విషయంలో తక్కువ మార్కులే వేస్తాను. టీనేజ్ పిల్లలకి 8 నుంచి 10 గంటలు కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. మామూలు రోజుల్లో 10కి లైట్లార్పి 6కి లేపుతారు, సరిపోయీ సరిపోనట్టు. పరీక్షలప్పుడు 5కే గంట కొడతారు. అంటే ఏడు గంటలు, అదీ మంచమెక్కగానే నిద్రపడితే. ఆ అదనపు గంటలో చదివేవాళ్ల కంటే పుస్తకం మీద తూగేవాళ్లే ఎక్కువ.

జబ్బుచేసి రెండు మూడు రోజులు పోతే, పోయిన పాఠాలు ఏ పీరియడ్‌లో ఎవరు చెప్తారో ముందే అడిగి పెట్టుకోండి. ‘ఫ్రెండ్ నోట్స్ చూసుకుంటాడు’ అన్నది జవాబు కాదు.

సబ్జెక్టుల ఎంపిక బాగా తక్కువ. ప్రాస్పెక్టస్‌లో ఉన్నవన్నీ నడవవు, అయిదారుగురు చేరకపోతే ఆ సబ్జెక్టు తీసేస్తారు. పై తరగతులకి చేర్చేవాళ్లు, ఈ ఏడాది నిజంగా క్లాసులు జరుగుతున్న సబ్జెక్టుల టైమ్‌టేబుల్ చూపించమనండి, ఒక్కో దానికి ఎంతమంది టీచర్లున్నారో కూడా అడగండి. ఒక్కరే ఉండి ఆయన సెలవు పెడితే, ఆ పీరియడ్ ఖాళీయే.