"రచయితతో ముఖాముఖి" టికెట్టు కొనే ముందు జర ఆగండి

చదివే టైము లేనోళ్లకు ముందుగాల్నే విషయం చెప్త. మన పాలమూరు, నల్లగొండ దిక్కు సాహిత్య ఉత్సవం పేరు మీద "రచయితతో ముఖాముఖి కిట్టు" అని వాట్సాప్‌ల అమ్ముతున్నరు. టికెట్టు, రచయిత సంతకం చేసిన పుస్తకం, గుడ్డ సంచి, భోజనం అన్నీ కలిపి 900, దాని మీద జీఎస్టీ. నేను రెండు కొన్న. రచయితతోని ముఖాముఖి కాలే, పుస్తకం దొంగ ప్రింటు, సంతకం జిరాక్స్. పెట్టినోళ్ల పేరు ఇక్కడ రాస్తలేను, ఫిర్యాదు నడుస్తున్నది. వాళ్లు పేరు మార్చుకొని ఇంకో ఊర్ల ఫ్లెక్సీ కట్టుడు ఎంతసేపు? అందుకే ఎట్ల మోసపోయిన్నో అది చెప్త.

నాది నల్లగొండ. గడియారం సెంటర్ నుంచి నడిచి పోయేంత దూరంల జిరాక్స్ షాపు. పద్దెనిమిదేండ్ల సంది కాయితాల మధ్యనే బతుకు. పహాణీలు, ఆధార్ కార్డులు, బోనఫైడ్లు, డిగ్రీ పిల్లల ప్రాజెక్టులు. గిరాకి లేనప్పుడు కథల పుస్తకం పట్టుకొని కూసుంట. మా బిడ్డ ఇంటర్ చదువుతున్నది, కవితలు రాస్తది. ఇద్దరికీ ఒక రచయిత కథలంటే పానం. ఆయన పేరు గూడ రాయను, ఇందుల ఆయన తప్పేం లేదు.

పోస్టర్ మీద నలుగురి ఫోటోల్లో ఆయనది రెండోది. పైన సురవరం ప్రతాపరెడ్డి బొమ్మ. కింద "ప్రతి పాఠకునికీ పది నిమిషాలు, 40 సీట్లు మాత్రమే" అని ఎర్ర అక్షరాలు. పొద్దుగాల 12 మిగిలినయి అన్నరు, మాపటికి 5 మిగిలినయి అన్నరు. వెంచర్లల్ల ప్లాట్లు అమ్మేటోళ్లు మాట్లాడే మాట ఇది, నాకు అప్పుడే తట్టాలె. తట్టలే. ఒక్కోటి 1062 చొప్పున రెండింటికి 2124 కొట్టిన. పైసలు పోయింది సంస్థ ఖాతాకు గాదు, ఎవరో మనిషి పేరున్న నంబరుకు. స్క్రీన్ మీద ఆ పేరు కనపడ్డది గూడ. అయినా వేలు ఆగలే.

ఆదివారం తెల్లారక ముందే లేచి దేవరకొండ బస్సెక్కినం. అక్కడ మారి కల్వకుర్తి, జడ్చర్ల మీదికెళ్లి మహబూబ్‌నగర్. మా ఇంటామె సద్ది కట్టిస్తనంటే "భోజనం వాళ్లదే" అని వద్దన్న. ఆ మాట ఇప్పటికీ ఇంట్ల పెద్ద పోటు.

ఫంక్షన్ హాల్ల కుర్చీలు రెండు వందలకు తక్కువ లేవు. తొమ్మిదిన్నరకు మొదలన్నరు, జ్యోతి వెలిగించేసరికి పావు తక్కువ పన్నెండు. ఇగ అక్కడి నుంచి సన్మానాలు. కోచింగ్ సెంటరాయన, వెంచరాయన, ఫ్లెక్సీలు కొట్టినాయన, ఆయన బామ్మర్ది. నేను శాలువాలు లెక్కపెట్టిన, 27. నలుగురు రచయితల్లో వచ్చింది ఒక్కరు, మా అదృష్టం కొద్దీ మేం పోయింది ఆయన కోసమే. మిగిలిన ముగ్గురికి "అనారోగ్యం" అని మైకుల చెప్పిన్రు. ముగ్గురికీ ఒకే రోజు.

ముఖాముఖి అంటే ఏం జరిగిందో వినండి. ప్రశ్నలు చిట్టీల మీద రాసియ్యమన్నరు. స్టేజీ మీద నిర్వాహకుడే ఆ చిట్టీల నుంచి ఏరుకొని చదివిండు. మీకు స్ఫూర్తి ఎవరు, యువతకు మీరిచ్చే సందేశం ఏంది, గీ ప్రశ్నలు. ఇరవై నిమిషాలల్ల ముగిసింది. మా బిడ్డ ఆయన కథ ఒకటి నాలుగుసార్లు చదివి ప్రశ్న రాసింది. ఆ కథల నాయనమ్మ మొదటి నుంచి చివరిదాక ఒక్క మాట మాట్లాడదు, ఎందుకు మాట్లాడనియ్యలేదు అని. ఆ చిట్టీ మైకు దాక పోలే. తర్వాత కుర్చీల కింద కాళ్ల మధ్య పడి ఉన్న చిట్టీల్లో దొరికింది. బిడ్డ మడిచి జేబుల పెట్టుకున్నది.

పుస్తకం సంగతి అన్నాల కాడ బయటపడ్డది. ప్లేటు కోసం లైన్ల నిలబడి ఊకెనే సంచిలకెళ్లి తీసి తిప్పిన. చెయ్యి పడంగనే తెలిసింది. అట్ట మీది అక్షరాల అంచులు మసక మసకగ ఉన్నయి. లోపల మడత దిక్కు ప్రతి పేజీకి నల్లటి నీడ. పుస్తకాన్ని తెరిచి అద్దం మీద బోర్లా పెట్టి కాపీ తీస్తే నడుమ పుస్తకం అద్దానికి ఆనది, అక్కడ గసోంటి నీడ పడతది. మేం గిరాకీకి ఇచ్చేటప్పుడు దాన్ని తెల్లకాయితం అడ్డం పెట్టి దాస్తం, వీళ్లు ఆ కష్టం గూడ పడలే. పేజీ నంబర్లు కొన్ని వంకర. 33వ పేజీల కింద గుండ్రంగ నల్లటి మరక, దగ్గర పెట్టుకొని చూస్తే గ్రంథాలయం ముద్ర. పేరు చదవొస్తలేదు. గ్రంథాలయాలోళ్లు మొదటి పేజీల వేసే ముద్ర కాక, పుస్తకం పోతే గుర్తుపట్టేటందుకు లోపల ఒక పేజీల గూడ వేస్తరు. అంటే ఎక్కడిదో గ్రంథాలయం కాపీ తెచ్చి, మొదటి పేజీ ముద్ర చెరిపి, లోపల ఇంకోటి ఉంటదని సోయి లేక కొట్టిన్రు.

సంతకానికి వస్త. నీలం రంగుల, పేరు కింద పొడుగు గీతతోని అందంగ ఉన్నది. బాల్ పెన్నుతోని రాస్తే పేజీ వెనక వేలు పెట్టి రుద్దితే గాడి తగులుతది. తగల్లే. జెల్ పెన్నైతే తడి వేలు తాకితే పాకుతది. పాకలే. వెలుతురుకు అడ్డం పెట్టి వంచితే మాత్రం మెరిసింది. ప్రింటర్ల వాడే టోనర్ పొడి కాయితంలకు ఇంకది, పైన పొర లెక్క కూసుంటది, అందుకే ఆ మెరుపు. అయినా మనసు ఒప్పక మా ఇద్దరి పుస్తకాలల్ల ఆ పేజీలు ఒకదాని మీద ఒకటి పెట్టి ట్యూబ్‌లైట్ కింద చూసిన. ఒక సంతకం మీద ఇంకోటి వెంట్రుకవాసి తేడా లేకుండ కూసున్నది. మనిషి చెయ్యి రెండుసార్లు అట్ల రాయదు. ఆ ఒక్క పేజీ కలర్ ప్రింట్ తీసి గమ్ముతోని అతికిచ్చిన్రు. కలర్ ప్రింట్ మా దగ్గర పది రూపాయలు.

రచయిత సారు అన్నం తినకుండనే బయటికి పోతుంటే హాల్ ముంగట చాయ బండి కాడ కలిసినం. పుస్తకం చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "పుస్తకం నాదే తమ్మీ, గానీ ఈ ప్రింటు నాది గాదు" అన్నడు. సంతకం చూసి నవ్విండు. అది రెండేండ్ల కింద ఎవరికో రాసిచ్చిన లెటర్ కింద పెట్టిందట. టికెట్లు అమ్మిన్రని ఆయనకు తెల్వనే తెల్వదు. "ఉచిత ప్రవేశం అని చెప్పి పిలిచిన్రు, నాకు బస్ చార్జీ గూడ ఇయ్యలే" అన్నడు. మా బిడ్డ జేబులకెళ్లి చిట్టీ తీసి ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదువుకొని, "మాట్లాడనియ్యలేదు కాదు బిడ్డా, మాట్లాడిస్తే అబద్ధం అయితుండె" అని చెప్పుకుంట పోయిండు. చాయ చల్లగయ్యింది, ఇంకోటి చెప్పిన. పైసలు పెట్టి కొన్న ముఖాముఖి అట్ల పది రూపాయల చాయ కాడ అయ్యింది. అయితే అందరికీ ఆ చాన్స్ దొరకదు. కొడంగల్ కెళ్లి చిన్నపిల్లను ఎత్తుకొని వచ్చిన ఒక అక్క ఆ జిరాక్స్ సంతకాన్నే సెల్‌ఫోన్‌ల ఫోటో తీసుకుంటున్నది. ఆమెకు చెప్పాల్నా వద్దా అని చానసేపు ఆలోచించి, చెప్పిన.

ఇగ పైసల లెక్క. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. టికెట్టు మీద ఉంటదంటే ఉండొచ్చు, గానీ జీఎస్టీ వసూలు చెయ్యాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలె, రసీదు మీద 15 అక్షరాల నంబరు ఉండాలె. మన తెలంగాణల తీసుకున్నదైతే అది 36తోని మొదలైతది, జీఎస్టీ వెబ్‌సైట్‌ల కొట్టి ఎవరి పేరున ఉన్నదో చూసుకోవచ్చు. నాకిచ్చిన రసీదుల నంబరే లేదు. అంటే ఒక్కో టికెట్టుకు 162 ఎవరి జేబుల పడ్డట్టు?

ఇంకొకటి ఉన్నది, దీంట్ల పిల్లలు, కొత్తగ రాసేటోళ్లు ఎక్కువ మునుగుతున్నరు. అదే ఉత్సవంల కవితా సంకలనం వేస్తమని, ఎంపికైనట్టు మెసేజ్ పెట్టి, "ఐఎస్‌బీఎన్ ఫీజు" కింద మనిషికి 750 అడుగుతరు. అది పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు. మా బిడ్డ కవిత గూడ ఎంపికైంది. ఎంపిక గానోళ్లు ఎవరన్న ఉన్నరా అని తర్వాత అడిగితే ఒక్కరూ దొరకలే. మన దేశంల ఐఎస్‌బీఎన్ ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కింది రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ, దానికి ఒక్క రూపాయి గూడ తీసుకోరు. పైగా నంబరు పుస్తకానికి ఇస్తరు, కవికొకటి ఇయ్యరు. యాభై మంది దగ్గర యాభై సార్లు అదే ఫీజు ఎట్ల తీసుకుంటరు? మా బిడ్డ పేరు మీద నేనే కట్టిన, తప్పు నాది. సంకలనం ఇంకా రాలే.

పోస్టర్ మీద సురవరం బొమ్మ పెట్టినందుకు మాత్రం నాకు కడుపు మండింది. తెలంగాణల కవులే లేరని ఎవరో అంటే, ఆయన 1934ల 354 మంది కవులను ఒక్క దగ్గర తెచ్చి గోలకొండ కవుల సంచిక వేసిండు. వీళ్లు నలుగురి ఫోటోలు పెట్టి ఒక్కరిని చూపెట్టిన్రు. మా జిల్లా వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు నెత్తిన పెట్టుకొని ఊరూరు తిరిగి అమ్మిండు. అమ్ముడు తప్పని నేనంటలేను. ఏది అమ్ముతున్నమో అదే ఇయ్యాలె గద.

వాపస్ అడిగితే మొదలు "కమిటీ మీటింగ్ అయినంక చెప్తం అన్నా" అన్నరు. తర్వాత గ్రూపుల అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టరాకుండ చేసిన్రు. 1915కు ఫోన్ చేసిన, అది వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడతరు. రసీదు, పైసలు కొట్టిన స్క్రీన్‌షాట్, పోస్టర్ ఉంటే చాలు. ఆ ఫిర్యాదు నంబరు నిర్వాహకునికి పంపిన రెండో రోజు ఒక టికెట్టు పైసలు 1062 వాపస్ పడ్డయి. "మీరు వచ్చిన్రు, భోజనం చేసిన్రు గదా" అని రెండోది ఇస్తలేడు. భోజనం చెయ్యలే, చాయ తాగినం. ఇయ్యకుంటె జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోత. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, 2019 చట్టం వచ్చినంక మనం ఉండే జిల్లాలనే వేయొచ్చు, కొన్న కాడికే పోవాల్సిన పని లేదు. రెండేండ్ల లోపల వేయాలె. పుస్తకం సంగతి రచయిత సారు పబ్లిషర్‌కు చెప్పిండు. దొంగ ప్రింటు మీద కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేండ్ల దాక జైలు ఉంటది. మా జిరాక్స్ షాపులోళ్లకు ఈ సెక్షన్ బాగ తెలుసు, పుస్తకం మొత్తం తీయమని వచ్చే పిల్లలను వాపస్ పంపుడు దీనికే.

అన్ని ఉత్సవాలు గిట్లనే ఉంటయని అనుకోవద్దు. హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ 2010 సంది నడుస్తున్నది, ప్రవేశం ఉచితమే. మన ఊర్లల్ల గూడ సొంత పైసలు పెట్టుకొని సభలు చేసే సార్లు ఉన్నరు, వాళ్లకు చెడ్డపేరు రావద్దనే ఇదంత రాసిన. టికెట్టు పెట్టినా తప్పులేదు. కానీ కట్టే ముందు పోస్టర్ మీదున్న రచయితకో, పబ్లిషర్‌కో ఒక్క ఫోన్ చేసి "సారూ, మీరు నిజంగ వస్తున్నరా, ముఖాముఖికి టికెట్లు అమ్ముతున్నరు మీకు ఎరికేనా" అని అడగండి. పబ్లిషర్ నంబరు అసలు పుస్తకం రెండో పేజీలనే ఉంటది. పోస్టర్ల మూడో ఫోటో ఉన్న మేడంకు నేను తర్వాత చేసిన. అనారోగ్యం ఏం లేదు, ఆమెను పిలువనే లేదు. తన ఫోటో ఉన్నదని నేను చెప్తేనే తెలిసింది.

ఈ ఏడు మీ దగ్గరికి గసోంటి సంచి వచ్చి ఉంటే, పుస్తకం తీసి 33వ పేజీ తిప్పండి. కింద నల్లటి గుండ్రటి ముద్ర ఉంటే ఫోటో తీసి నాకు పంపండి, రసీదు పారేయకండి. ఇప్పటికి ఏడుగురం అయినం.