తొమ్మిదేళ్లు వీపున మోసిన బీఏ సెట్

మిరపకాయల కోల్డ్ స్టోరేజీ తగలబడితే పొగ ఎలా ఉంటుందో గుంటూరు చుట్టుపక్కల పనిచేసిన ఫైర్‌మన్‌ని అడగాలి. ఇంట్లో పోపులో నాలుగు ఎండుమిరపకాయలు మాడితేనే పక్కింటివాళ్లు దగ్గుతారు. అక్కడ వేల టిక్కీలు (మిరపకాయల బస్తాలు) ఒక్కచోట మాడుతుంటాయి. 2016లో మా స్టేషన్‌కి కొత్త బీఏ సెట్లు (బ్రీతింగ్ ఆపరేటస్: పొగలో ఊపిరి తీసుకోవడానికి వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్క్) వచ్చిన మూడో నెలలోనే అలాంటి కాల్ ఒకటి తగిలింది. సెట్ వేసుకుని లోపల ఇరవై నిమిషాలు ఉన్నాను. ఒక్క దగ్గు రాలేదు. బయటికొచ్చి మాస్క్ ఊడదీశాక మాత్రం చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పట్టీలకు అంటిన కారం చెమటతో కలిసి చెవుల వెనక్కి, మెడ మీదికి, చివరికి కళ్లలోకి దిగింది. అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాం. మాస్క్ తీసేముందే పక్కవాడు హోస్‌రీల్ నీళ్లతో తల మీదుగా కడిగేస్తాడు.

ఈ సెట్‌ని తొమ్మిదేళ్లు వాడాను. పోయిన ఏడాది లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైర్ అయ్యాను. కంపెనీ పేరు రాయను, స్టేషన్ పేరూ రాయను. కొత్తగా సర్వీసులో చేరినవాళ్లు, ఫ్యాక్టరీల్లో సేఫ్టీ చూసేవాళ్లు ఇలాంటివి కొనేటప్పుడు కేటలాగ్ ఒక్కటే చూస్తున్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు అందరూ పొరబడే సంగతి. వీపు మీద ఉండేది ఆక్సిజన్ సిలిండర్ కాదు. మామూలు గాలే, శుభ్రం చేసి, ఒత్తిడితో కుక్కింది. మనం పీల్చే గాలిలో ఉన్నట్టే అందులోనూ ఆక్సిజన్ 21 శాతమే. స్వచ్ఛమైన ఆక్సిజన్ మోసుకుని మంటలోకి వెళ్తే మంటకి మేమే మేత వేసినట్టవుతుంది. జనం మాత్రం స్పృహ తప్పినవాణ్ని బయటికి తేగానే "అన్నా, నీ ఆక్సిజన్ వాడికి పెట్టు" అని మీద పడతారు. పెట్టినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. అతనికి నిజంగా కావాల్సిన ఆక్సిజన్ 108 బండిలో ఉంటుంది.

నేను 1991లో చేరినప్పుడు పరిస్థితి వేరు. స్టేషన్‌లో ఇనుప సిలిండర్ సెట్లు రెండు ఉండేవి. మొత్తం బరువు 15 కిలోలు పైమాటే. సగం కాల్స్‌కి వాటిని బండిలోంచి దించేవాళ్లం కాదు. తడి తువ్వాలు ముక్కుకి కట్టుకుని దూరిపోవడమే మగతనం అనుకునే రోజులు. తడి గుడ్డ మసిని కొంత ఆపుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ని అసలు ఆపదు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తల బరువెక్కి కాళ్లు తేలిపోతుంటే ఎండదెబ్బ అనుకునేవాళ్లం. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. వాళ్ల ప్రాణం తీసింది పొగే. టీవీలు చూపించేదేమో మంటలు.

కొత్త సెట్‌లో మొదట నచ్చింది బరువు. అల్యూమినియం డబ్బా మీద కార్బన్ ఫైబర్ చుట్టిన సిలిండర్. మాస్కు, బ్యాక్ ప్లేటు, పట్టీలు అన్నీ కలిపి 10, 11 కిలోల దగ్గర ఆగుతుంది. బరువంతా భుజాల మీద పడకుండా నడుం బెల్టు మీదికి దిగేలా చేశారు. నాలుగో అంతస్తుకి 63 ఎంఎం హోసు చుట్ట భుజాన వేసుకుని ఎక్కినప్పుడు ఆ తేడా మోకాళ్లకే తెలుస్తుంది.

ఇక కేటలాగ్ లెక్క. సిలిండర్ 6.8 లీటర్లు, ఒత్తిడి 300 బార్, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు మూడొందల రెట్లు. గుణిస్తే 2,040 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్లు పీలుస్తాడనుకుని యాభై నిమిషాలని రాస్తారు. నిమిషానికి 40 లీటర్లు పీల్చేవాణ్ని నేను ఇంతవరకూ ఏ ఫైర్‌లోనూ చూడలేదు. మే నెల, బయటే 44 డిగ్రీలు, ఒంటి మీద మూడు పొరల సూటు, చేతిలో నీళ్లు నిండిన హోసు. అప్పుడు 60, 70 లీటర్లు సులువుగా లాగేస్తాం. భయం వేస్తే ఇంకా ఎక్కువ. మా స్టేషన్‌లో ఒక కుర్రాడు మొదటిసారి లోపలికి వెళ్లినప్పుడు పదహారు నిమిషాల్లో విజిల్ కొట్టించాడు. అదే సైజు సిలిండర్ నాకు ఇరవై ఆరు నిమిషాలు వచ్చింది. వాడికన్నా నేను బలవంతుణ్నని కాదు. అప్పటికి నాకు భయపడటం బోరు కొట్టింది, అంతే. కాబట్టి కొనేవాళ్లు కేటలాగ్‌లో రాసినదాన్ని సగం చేసుకోండి.

విజిల్ అంటే హెచ్చరిక. గాలి 55 బార్‌కి దిగగానే దానంతటదే ఈల వేస్తుంది. అప్పటికి మిగిలేది 370 లీటర్లకు కాస్త అటూఇటూ. కష్టపడి పనిచేస్తుంటే ఐదారు నిమిషాలు. చాలామంది చేసే తప్పు ఏంటంటే ఈల వినిపించాక వెనక్కి తిరగడం. లోపలికి వెళ్లడానికి ఎనిమిది నిమిషాలు పట్టిన దారిలో బయటికి రావడానికి ఐదు నిమిషాలు చాలతాయా? వెళ్లేటప్పుడు ఎంత గాలి అయిందో చూసుకుని, రావడానికీ అంతే పక్కన పెట్టి, 55కి ముందే తిరగాలి. ఈల మోగేసరికి మనం గుమ్మం దగ్గర ఉండాలి. గేజ్ ఛాతీ మీద వేలాడుతుంది, చీకట్లో మెరిసే అంకెలుంటాయి. దట్టమైన పొగలో అదీ కనిపించదు, మాస్క్ అద్దానికి ఆనించుకుని చదువుకోవాలి.

ఎక్కువ తిట్టుకున్నది మాట గురించి. మాస్క్‌లో మాట్లాడితే బిందెలో తల పెట్టి అరిచినట్టుంటుంది. "నీళ్లు ఆపు" అన్నా "నీళ్లు పంపు" అన్నా అవతలివాడికి ఒకేలా వినపడుతుంది. ఒకసారి ఇదే జరిగి ప్రెషర్ తగ్గాల్సిన చోట పెరిగింది, బ్రాంచి (హోసు చివర నీళ్లు చిమ్మే గొట్టం) పట్టుకున్నవాడు వెల్లకిలా పడ్డాడు. తర్వాత మాలో మేమే తాడు లెక్క పెట్టుకున్నాం. ఒక లాగుడంటే బాగున్నా, రెండంటే ముందుకెళ్తున్నా, గబగబా నాలుగంటే లాగెయ్యండి. మాటలు చేర్చే చిన్న మైకు విడిగా అమ్ముతారట. మా సెట్లతో రాలేదు.

మాస్క్ ముఖానికి అతుక్కోవాలి. లోపల ఎప్పుడూ గాలి ఒత్తిడి కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి సందు ఉన్నా పొగ వెంటనే లోపలికి రాదు, మన గాలే బయటికి పోతుంది. ప్రాణానికి ముప్పు వెంటనే ఉండదు గానీ సిలిండర్ చూస్తుండగానే ఖాళీ అవుతుంది. సందుకి మొదటి కారణం గడ్డం. కార్తీకం రాగానే స్టేషన్‌లో ముగ్గురో నలుగురో అయ్యప్ప మాల వేస్తారు, 41 రోజులు గడ్డం తీయరు. మొదటి ఏడాది ఒక స్వామి అలాగే సెట్ వేసుకుని వెళ్లాడు, పది నిమిషాల్లో విజిల్. "స్వామీ, మీరు పంపు దగ్గర ఉండండి, లోపలికి మేం వెళ్తాం" అని అప్పటి నుంచి మాల వేసినవాళ్లకు పంపు డ్యూటీ, వాచ్‌రూమ్ డ్యూటీ. ఎవరూ నొచ్చుకోలేదు. రెండో కారణం కళ్లజోడు. నలభై ఆరేళ్లకి నాకు జోడు వచ్చింది. దాని కాళ్లు చెవుల దగ్గర మాస్క్ అంచుని లేపేస్తాయి. మాస్క్ లోపలే బిగించుకునే ఫ్రేమ్ వేరే ఉంటుంది. నా జేబులోంచి కొనుక్కున్నాను. ఆ డబ్బు గురించి ఎప్పుడూ బాధపడలేదు.

మరో చిన్న విషయం, దీనికి పెద్ద కథే ఉంది. సిలిండర్ వాల్వ్‌ని పూర్తిగా తెరవాలి. ఒక రాత్రి జిన్నింగ్ మిల్లు కాల్. పత్తి బేళ్లు బయటికి చల్లారినట్టే కనిపిస్తాయి, లోపల రోజుల తరబడి కుములుతూనే ఉంటాయి. ఒక్కో బేలు విప్పి తడపాలి. మా కుర్రాడు హడావుడిలో వాల్వ్ అర చుట్టే తిప్పాడు. నిలబడ్డంతసేపు బాగానే ఉంది. బేలు ఎత్తడం మొదలెట్టగానే గాలి చాలక మాస్క్ పీక్కోబోయాడు. వీపు మీద చెయ్యి వేసి వాల్వ్ తిప్పింది పక్కనున్న డ్రైవర్ ఆపరేటర్. అందుకే మా దగ్గర ఒకరి వాల్వ్ ఒకరు చూడాలి.

రోల్‌కాల్ అయ్యాక చెకింగ్. వాల్వ్ తెరిచి గేజ్ చూడాలి, మూసేసి నిమిషం ఆగాలి. ముల్లు 10 బార్ కన్నా ఎక్కువ దిగితే ఎక్కడో లీకు. తర్వాత గాలి మెల్లగా వదులుతూ 55 దగ్గర ఈల వస్తుందో లేదో వినాలి. రెండు నిమిషాల పని. ఆదివారం ఉదయం ఇడ్లీ చల్లారిపోతుంటే అదే అరగంటలా ఉంటుంది. ఇంకోటి, కంప్రెసర్ దగ్గర నింపేటప్పుడు సిలిండర్ వేడెక్కుతుంది. అప్పుడు 300 చూపిస్తుంది, స్టేషన్‌కి తెచ్చి చల్లారాక చూస్తే 265. మెల్లగా నింపి, చల్లారాక మళ్లీ కాస్త ఎక్కించాలి. కంప్రెసర్ మా స్టేషన్‌లో లేదు. ఖాళీ సిలిండర్లు జీపులో వేసుకుని వేరే ఊరు తీసుకెళ్లాలి. సెట్లు కొనేవాళ్లకు నా మొదటి ప్రశ్న ఇదే: గాలి ఎక్కడ నింపుతారు?

ఈ సెట్ ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. సెప్టిక్ ట్యాంక్ మూత రెండడుగులుంటే వీపున సిలిండర్‌తో మనిషి పట్టడు. సెట్ విప్పి చేత్తో పట్టుకుని దిగుదామనే ఆలోచన రానే కూడదు. అక్కడ పైనుంచి పైపులో గాలి పంపే ఎయిర్‌లైన్ సెట్ కావాలి. కోల్డ్ స్టోరేజీలో అమోనియా లీకయితే ఈ సెట్ ఊపిరితిత్తుల్ని కాపాడుతుంది, చర్మాన్ని కాదు. అమోనియా తడిని వెతుక్కుని పట్టుకుంటుంది. చంకలు, గజ్జలు కాలినట్టయి రెండు రోజులు లుంగీలోనే తిరిగాను. దానికి కెమికల్ సూటు వేరే ఉంటుంది.

శుభ్రం చేయడం దగ్గర మేం చేసిన తప్పులు మీరు చేయకండి. 2020లో కరోనా రోజుల్లో ఊరంతా హైపో (క్రిమిసంహారక మందు) చల్లింది మా బండే. ఆ చేతులతోనే మాస్కులూ తుడిచాం. రబ్బరు పట్టీలు గట్టిపడి పగుళ్లిచ్చాయి. ఇంకొకాయన శానిటైజర్‌తో అద్దం రుద్దాడు, అది పొర కమ్మిన కన్నులా మసకబారింది. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, నీడలో ఆరబెట్టడం. ఇంతకుమించి ఏమీ వద్దు. సూటు, మాస్కు మసితో ఇంటికి తీసుకెళ్లొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2022లో ఫైర్‌మన్ పనినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే ఖాయంగా క్యాన్సర్ తెచ్చేవాటిలో, పెట్టింది. మేం ఆ సూట్లని ఏళ్ల తరబడి ఇంట్లో పిల్లల బట్టల పక్కన ఆరేశాం. మా ఆవిడ ఈ మాట విన్నాక చాలాసేపు మాట్లాడలేదు.

బయటికి తెచ్చాక జరిగేది కూడా ఈ పనిలో భాగమే. 2005లో 108 రాకముందు పొగ మింగినవాళ్లని మా జీపులోనో ఆటోలోనో వేసుకుని పరిగెత్తేవాళ్లం. ఇప్పుడు వాళ్లొచ్చేదాకా ఊపిరి లేనివాడికి 30 నొక్కులు, 2 ఊపిరులు లెక్కన చేస్తూ ఉంటాం. ఒకసారి వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెడితే 98 శాతం చూపించింది, మేం సంబరపడ్డాం. 108లో వచ్చిన తమ్ముడు "అన్నా, పొగ మింగినవాళ్ల దగ్గర దీన్ని నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన రక్తాన్ని కూడా ఇది మంచి రక్తం అనుకుంటుంది" అని వెంటనే ఆక్సిజన్ పెట్టాడు.

దసరాకి బండితో పాటు సెట్లకూ ఆయుధ పూజ చేస్తాం. ఒక ఏడాది ఎవరో భక్తి ఎక్కువై మాస్క్ ముందు, ఊపిరి బయటికి వదిలే వాల్వ్ మీదే పసుపు కుంకుమ పెట్టారు. మర్నాడు చెకింగ్‌లో అది అతుక్కుపోయింది. ఇప్పుడు బొట్టు బ్యాక్ ప్లేటుకే. ఏప్రిల్ 14న బొంబాయి రేవులో 1944లో ఓడ పేలి పోయిన 66 మంది ఫైర్‌మన్లకు పూలదండ వేసి రెండు నిమిషాలు నిలబడతాం. ఆ వారమంతా స్కూలు పిల్లలొస్తారు. అందరూ ఎక్కేది బండే, అందరూ అడిగేది మాత్రం ఈ మాస్కే. "అంకుల్, చంద్రుడి మీదికి వెళ్తారా?" అని ఒక పాప అడిగితే జిన్నింగ్ మిల్లుకి వెళ్తానని చెప్పాను.

మార్కులు వేయమంటే పదికి ఎనిమిది వేస్తాను. మాట వినపడనందుకు ఒకటి, ఒకే సైజు మాస్కులు పంపినందుకు ఒకటి తీసేశాను. కార్బన్ సిలిండర్ ఆయుష్షు తయారైన రోజు నుంచి 15 ఏళ్లు. నేను పోయిన ఏడాది దిగిపోయాను గానీ నా మూడో నంబరు సిలిండర్‌కి 2031 దాకా సర్వీసు ఉంది. ఇప్పుడది మోస్తున్న కుర్రాడిది చిన్న ముఖం, నా మాస్క్ వాడికి గడ్డం దగ్గర లూజు. చిన్న సైజు కావాలని రాసిన కాగితం ఇంకా టేబుళ్లు తిరుగుతూనే ఉంది. నెలకోసారి ఫోన్ చేసి "వచ్చిందా తమ్ముడూ?" అంటాను. "ఇంకా లేదు బాబాయ్, పట్టీలు చివరిదాకా లాగి బిగిస్తున్నా" అంటాడు.