“లైఫ్‌టైమ్ మ్యాప్స్ ఫ్రీ” అని అమ్మే కారు స్టీరియోలతో జాగ్రత్త

కారుకి ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించుకోవాలని చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా “జీపీఎస్ ఉంది, మ్యాప్స్ లైఫ్‌టైమ్ ఫ్రీ, నెట్ కూడా అక్కర్లేదు” అన్న మాట విని డబ్బు కట్టబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి. హైదరాబాద్‌లో ఒక కార్ డెకార్స్ షాపులో నాకు అంటగట్టిన సెట్ గురించి రాస్తున్నాను. షాపు పేరు చెప్పడం లేదు. ఇదే సరుకుని ఇవే మాటలతో చాలా చోట్ల అమ్ముతున్నారు కాబట్టి, ఏ షాపుకి వెళ్లినా పనికొచ్చేలా చెబుతాను.

తొమ్మిది అంగుళాల తెర, రివర్స్ కెమెరా, మెమరీ కార్డులో ఇండియా మ్యాప్. డబ్బా మీద ఆండ్రాయిడ్ 13 అని ఉంది, సెట్టింగ్స్‌లోనూ 13 అనే కనిపించింది. తర్వాత ఫోన్ వివరాలు చూపించే యాప్ ఒకటి అందులో వేసి చూస్తే అసలు వెర్షన్ 10 అని తేలింది. చవక సెట్లలో సెట్టింగ్స్‌లో కనిపించే నంబర్లనే మార్చి పెడతారు. వెర్షనే కాదు, ర్యామ్ కూడా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తారు. ర్యామ్ చాలకపోతే పాటలు పెట్టుకుని మ్యాప్ నడిపినప్పుడు బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. చౌరస్తా దాటిపోయాక “లెఫ్ట్ తీసుకోండి” అని చెబుతుంది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఎగ్జిట్ దగ్గర అలా జరిగితే తర్వాతి ఎగ్జిట్ దాకా పోయి తిరిగి రావాలి.

అంతకంటే పెద్ద మోసం మ్యాప్‌లోనే ఉంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి 2020 సెప్టెంబర్‌లో తెరిచారు. నా సెట్‌లో అక్కడ ఉత్త చెరువే ఉంది! విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ 2020 అక్టోబర్‌లో మొదలైంది, అదీ లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా 2016లోనే ఏర్పడితే, ఈ మ్యాప్‌లో ఆ ఊళ్లన్నీ ఇంకా మహబూబ్‌నగర్ కిందే ఉన్నాయి. అంటే అంత పాత మ్యాప్‌ని కొత్త డబ్బాలో పెట్టి అమ్మారు.

దీని ఫలితం శ్రీశైలం ప్రయాణంలో అనుభవించాం. ఆ దారిలో ఉన్న మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తే మళ్లీ పొద్దున ఆరింటికే తెరుస్తారు. నల్లమల పులుల అడవి కాబట్టి రాత్రి బండ్లు వదలరు. ఈ సంగతి తెలిసే టైం చూసుకుని బయల్దేరాం. పదింటికి శ్రీశైలం చేరతామని సెట్ చూపించింది, ఆ లెక్కన ఎనిమిదిన్నరలోపే గేటు దాటాలి. కల్వకుర్తి దాటాక చక్కటి హైవే మీద పోతున్న బండిని ఒక ఊరి రోడ్డులోకి తిప్పింది. షాపువాడు సెట్టింగ్‌ని “షార్టెస్ట్” (దూరం తక్కువుంటే చాలు, ఏ రోడ్డయినా సరే) మీద పెట్టి వదిలేశాడని తర్వాత తెలిసింది. కొంత దూరం పోయాక తారు అయిపోయింది. ఇంకాస్త పోతే రోడ్డుకి అడ్డంగా కాలువ, వంతెన లేదు. మ్యాప్‌లో ఆ కాలువే లేదు. చీకట్లో వెనక్కి తిప్పడానికి చోటు లేక మా తమ్ముడు చాలాసేపు రివర్స్‌లోనే తెచ్చాడు. వెనక సీట్లో మా అమ్మ, ఆమెకి మోకాళ్ల నొప్పులు, ఆ కుదుపులకి నోట మాట రాలేదు. మన్ననూరు చేరేసరికి గేటు పడిపోయింది. అక్కడి గార్డు మర్యాదగానే చెప్పాడు: “పొద్దున ఆరింటికి తీస్తం సార్. పెద్దమ్మ ఉన్నది, అచ్చంపేటకి పోయి పండుకోండ్రి.” అలాగే వెనక్కి వెళ్లి లాడ్జిలో పడుకున్నాం.

మాకు ప్రాణాపాయం జరగలేదు. కానీ 2024 మేలో కేరళలోని కొట్టాయం జిల్లాలో మన హైదరాబాద్ నుంచి వెళ్లిన పర్యాటకులు మ్యాప్ చూపిన దారిలో పోయి కారుతో సహా వాగులో పడ్డారు, అదృష్టం బాగుండి బయటపడ్డారు. అదే ఏడాది నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర వరదకి తెగిపోయిన వంతెన మీదికి కారు వెళ్లి ముగ్గురు చనిపోయారు. ఇలాంటివి విన్నాక పాత మ్యాప్ అమ్మడాన్ని చిన్న తప్పుగా నేను చూడలేను.

షాపుకి వెళ్లి అడిగితే “లైఫ్‌టైమ్ అంటే కార్డు పనిచేసినంత కాలం సార్, అప్‌డేట్ అని మేం చెప్పలేదు కదా” అన్నారు. నేనే అప్‌డేట్ చేసుకుందామంటే లైసెన్స్ చెల్లదని వస్తోంది. అది కాపీ కొట్టిన మ్యాప్. అసలు కార్డు నంబర్‌తో ముడిపడిన మ్యాప్‌ని ఇంకో కార్డులోకి ఎక్కించి, తాళం పగలగొట్టి అమ్ముతారు. దానికి ఏ కంపెనీ నుంచీ అప్‌డేట్ రాదు.

ఇంకో విషయం, జీపీఎస్ సిగ్నల్ అందుకునే యాంటెన్నా. అగ్గిపెట్టె అంత నల్లటి బిళ్ల వస్తుంది, వెనక అయస్కాంతం, సన్నటి వైరు. అది ముందు అద్దం కింద, ఆకాశం కనపడే చోట అతికించాలి. పని త్వరగా ముగించాలని దాన్ని స్టీరియో వెనకాలే ఇనప ఫ్రేముల మధ్య పడేసి పోతారు. నా బండిలోనూ అంతే చేశారు, అందుకే బాణం గుర్తు పక్క సర్వీస్ రోడ్డు మీదికి దూకుతూ ఉండేది. ఉన్నచోటు కచ్చితంగా తేల్చడానికి కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ కావాలి. ఇనుము అడ్డుంటే అది సరిగా అందదు.

కొనేముందు ఒక్క వైరు కూడా ముట్టుకోనివ్వకుండా ఇవి చూడండి. సెట్‌ని రేకుల షెడ్డు బయటికి తెప్పించి, ఉపగ్రహాలు చూపించే యాప్ వేసి ఎన్ని దొరుకుతున్నాయో చూడండి. కొత్త సెట్‌కి మొదటిసారి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, తొందరపడొద్దు. మ్యాప్‌లో మీకు తెలిసిన కొత్త ఫ్లైఓవర్ వెతకండి. మీ ఊరి బైపాస్ ఉందో లేదో చూస్తే ఇంకా మంచిది. కారు వైర్లు కోయకుండా కప్లర్‌తో (కారు ప్లగ్గులోనే నేరుగా గుచ్చే కనెక్టర్‌తో) పెడతామంటేనే ఒప్పుకోండి, కోస్తే కారు కంపెనీ ఎలక్ట్రికల్ వారంటీ ఇవ్వనని అడ్డం తిరుగుతుంది.

నా మటుకు నేను ఆ కార్డు తీసేశాను. ఇప్పుడు ఫోన్‌లోని మ్యాప్‌ని సెట్ తెర మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటోతో ఫోన్‌ని కలిపి గూగుల్ మ్యాప్స్ వాడుతున్నాను. అడవుల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి ఆ ప్రాంతం ముందే ఆఫ్‌లైన్‌గా దించుకుంటాను. ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ కనపడదు, అది గుర్తుంచుకోండి. రెండోదిగా ఆర్గానిక్ మ్యాప్స్ కూడా ఫోన్‌లో ఉంచుకున్నాను. అది ఉచితం, మ్యాప్ దించుకున్నాక నెట్ లేకుండా దారి చెబుతుంది. వాలంటీర్లు తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దానికి ఆధారం, కాబట్టి మన పల్లెల్లో కొన్నిచోట్ల వివరాలు తక్కువే.

ఏ మ్యాప్ అయినా దూరప్రయాణానికి గమ్యం ఒక్కటే కొట్టి వదిలేయొద్దు. శ్రీశైలానికైతే కల్వకుర్తి, మన్ననూరు, దోమలపెంట అని మధ్య స్టాపులు పెట్టండి, అడ్డదారుల్లోకి తిప్పే అవకాశం తగ్గుతుంది, గేటుకి ఎన్నింటికి చేరతారో కూడా తెలుస్తుంది. దోర్నాల వైపు నుంచి వచ్చేవాళ్లకీ రాత్రి గేటు ఉంది. బెంగళూరు నుంచి ఊటీకి బందీపూర్ మీదుగా వెళ్లే మనవాళ్లకీ రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకా ఇదే నియమం. ఊరి పేరు కొట్టేటప్పుడు జిల్లా చూసుకోండి, రామచంద్రాపురం సంగారెడ్డి వైపూ ఉంది, గోదావరి వైపూ ఉంది.

చివరగా బిల్లు. నాకు మొదట తెల్ల కాగితం మీద రాసిచ్చారు. పట్టుబట్టి జీఎస్టీ బిల్లు తీసుకుని, దాని మీద మోడల్ నంబర్, ఆండ్రాయిడ్ వెర్షన్, “మ్యాప్ అప్‌డేట్ సహా” అని రాయించుకోండి. రాయమంటే వెనకాడే షాపులో కొనకండి. ఇప్పటికే కొనేసి ఇబ్బంది పడుతున్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫిర్యాదు ఫీజు లేదు. నేను డబ్బాతో పాటు ఆ సెట్టింగ్స్ తెర ఫొటో, యాప్‌లో తేలిన అసలు వెర్షన్ ఫొటో రెండూ జతచేసి ఫిర్యాదు పెట్టాను.