ఈఎల్84 మార్చాలి: పాత బీఈఎల్‌దా, కొత్త జేజేదా?

పోయిన నెల పాటలు వినే మా వాల్వు (గాజు గొట్టాల) ఆంప్లిఫయర్‌లో ఒక ఈఎల్84 వాల్వు లోపలి ప్లేటు ఎర్రగా నిప్పులా కాలుతూ కనిపించింది. గబుక్కున స్విచ్ కట్టేశాను. స్పీకర్‌ను నడిపే ఈఎల్84లు నాలుగు, వాటికి ముందు చిన్న సిగ్నల్‌ను పెంచే ఈసీసీ83లు రెండు ఉన్న చిన్న సెట్టు అది.

వాల్వు కొనడానికి పరిగెత్తే ముందు ఒక పని చేయాలి. సెట్టు పూర్తిగా ఆపి, చల్లారాక, ఆ వాల్వును పక్కనున్న ఈఎల్84తో సాకెట్లు మార్చి చూడాలి. ఎరుపు వాల్వుతో పాటు వెళ్తే తప్పు వాల్వుది. పాత సాకెట్‌లోనే ఉండిపోతే తప్పు ఆ వాల్వుకు సిగ్నల్ అందించే కప్లింగ్ కెపాసిటర్‌ది కావచ్చు; అప్పుడు ఎంత మంచి వాల్వు పెట్టినా కాలిపోతుంది. నాది వాల్వే. ఆ సెట్టులో 300 వోల్టుల దాకా ఉంటుంది, ఆపిన తర్వాత కూడా కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. అడుగు మూత తీయడం తెలిసినవాళ్ల పని.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో మొదటి దుకాణం కుర్రాణ్ణి వాల్వు అడిగితే "ఏ వాల్వన్నా, గ్యాస్‌దా?" అన్నాడు. నాలుగో దుకాణంలో దొరికింది: పాత అట్టపెట్టెలో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఈఎల్84లు. బెంగళూరులో ఉండి బీఈఎల్ పేరు చూస్తే మనసు ఆగదు. 1961 నుంచి ఇక్కడే జాలహళ్లిలో రేడియో వాల్వులు చేసిన కంపెనీ. మన తాతల కాలపు వాల్వు రేడియోల్లో ఎన్నో వాటితోనే పలికాయి.

అయినా తొందరపడ్డాను. "అన్నీ కొత్తవే సార్, వాడనివి" అన్న మాట నమ్మి రెండు కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ఒకదాని కాళ్ల మీద సాకెట్ గీతలు. రెండోదాని గాజు లోపల పైన ఉండే వెండిపూత తెల్లబడి ఉంది, అంటే లోపలికి గాలి పోయింది, వాల్వు చచ్చినట్టే. కొనేటప్పుడు చూడాల్సింది ఈ రెండే: కాళ్లు, పూత. గాజు మీది అచ్చును నమ్మొద్దు, అది వేలితో రుద్దినా పోతుంది.

కొత్తవాటిలో స్లొవాకియా జేజే ఉంది. రష్యాలో సరాతోవ్ ఫ్యాక్టరీ సరుకు ఎలక్ట్రో హార్మోనిక్స్, సోవ్‌టెక్, టంగ్‌సోల్ పేర్లతో వస్తుంది. పేర్లు వేరైనా పొయ్యి ఒకటే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆ సరుక్కి కటకట వచ్చి ధరలు పెరిగాయి. నేను జేజే వైపే మొగ్గాను. ధ్వనిలో తేడా నా చెవికి పెద్దగా తెలియలేదు. నాలుగూ ఒకేలా కరెంటు లాగేవి ఏరి, మ్యాచ్ చేసి అమ్ముతారు, నాకు కావలసింది అదే. నా సెట్టులో రెండు వాల్వులకు కలిపి వాటి కరెంటును అదుపు చేసే క్యాథోడ్ రెసిస్టర్ ఒకటే ఉంది. జత కుదరకపోతే ఒకటి ఎక్కువ కరెంటు లాగి ముందు పోతుంది. విడివిడిగా ఏరుకున్న పాత సరుకులో ఆ జత ఎక్కడ కుదురుతుంది?

ఈసీసీ83 సంగతి వేరు. ఈఎల్84 ప్లేటు 12 వాట్ల దాకా వేడి మోస్తుంది, ఒకే గాజులో రెండు సగాలుండే ఈసీసీ83లో ఒక్కో సగానిది 1 వాటే. అందుకే అది అంత తొందరగా అరగదు, వాడేసిన పాతది కూడా చాలాసార్లు బాగానే పనిచేస్తుంది. అక్కడ బీఈఎల్‌దే పెట్టాను. పెన్సిల్‌తో మెల్లగా తట్టితే స్పీకర్‌లో ఖంగుమనకూడదు, అంతే పరీక్ష. ఇదే చోటికి రష్యా 6ఎన్2పీ అనే వాల్వు అంటగడతారు, జాగ్రత్త: సాకెట్‌లో దిగుతుంది గాని హీటర్ (లోపల వేడెక్కే తీగ) కాళ్లు వేరు.

జేజేలు బిగించాక హీటర్ దగ్గర మీటరు పెడితే 6.9 వోల్టులు చూపించింది. ఉండాల్సింది 6.3. ట్రాన్స్‌ఫార్మర్ 220కి చుట్టింది, మా వీధిలో రాత్రి 240 వస్తోంది. ఏ కంపెనీ వాల్వయినా ఆ వేడికి ఆయుష్షు తగ్గించుకుంటుంది. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌ను 240కి తిరగచుట్టడానికి ఇచ్చాను. వాల్వులు పెట్టెలో ఉన్నాయి.