కాంటన్ హాల్ ఆఫ్ ఫేమ్: ఆటగాళ్లకు నిండు మర్యాద, కోచ్‌లకు సగమే

ఒహాయోలో ఐ-77 హైవే మీద కాంటన్ దగ్గరికి రాగానే అమెరికన్ ఫుట్‌బాల్ ఆకారంలో కోసుగా లేచిన కప్పు రోడ్డు మీదికే కనిపిస్తుంది. అదే ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, అమెరికన్ ఫుట్‌బాల్‌లోని మేటి ఆటగాళ్లకీ కోచ్‌లకీ గౌరవంగా కట్టిన మ్యూజియం. క్లీవ్‌లాండ్ నుంచి గంట, కొలంబస్ నుంచి రెండు గంటల దారి. పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనం చేసుకుని ఒహాయో తిరిగొచ్చే మనవాళ్లు కాస్త పక్కదారి పడితే చాలు. ఇంత చిన్న ఊళ్లో ఎందుకంటే, 1920 సెప్టెంబరు 17న ఈ ఆట ప్రధాన లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కు పునాది పడింది ఇక్కడే, రాల్ఫ్ హే అనే ఆయన కార్ల షోరూములో. మ్యూజియం 1963లో తెరిచారు.

లోపలికి అడుగు పెట్టగానే తొలినాటి మేటి ఆటగాడు జిమ్ థోర్ప్ నిలువెత్తు కంచు విగ్రహం. దాని చుట్టూ తిరిగే వాలుబాట ఎక్కితే ప్రో ఫుట్‌బాల్ తొలి వందేళ్ల గ్యాలరీ. చాలామంది ఇక్కడే ప్రతి పలకా చదువుతూ గంటన్నర గడిపేసి, అసలు గదికి చేరేసరికి నీరసపడతారు. ఇక్కడ అరగంట చాలు. కానీ ఒక్క కాగితం మాత్రం వదలొద్దు: 1892లో పిట్స్‌బర్గ్ ప్రాంతపు అలెగెనీ క్లబ్బు రాసుకున్న ఖర్చుల పద్దు. ఒక్క మ్యాచ్ ఆడినందుకు హెఫెల్‌ఫింగర్ అనే ఆటగాడికి 500 డాలర్లు నగదు ఇచ్చినట్టు అందులో ఉంది. డబ్బు తీసుకుని ఆడిన తొలి ఆటగాడు ఆయనే అనడానికి ఆధారం అదే. ఈ రోజు కోట్ల డాలర్ల కాంట్రాక్టులన్నిటికీ మూలం ఆ పద్దు.

అసలు గది కంచు ప్రతిమలది. 370కి పైగా తలలు, వరసల్లో. 1983 నుంచి వీటిని చేస్తున్న శిల్పి బ్లెయిర్ బస్‌వెల్. ఎంపికైన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముఖం కొలతలు తీసుకుంటాడు, ముందు మట్టిలో చేసి తర్వాత కంచులో పోత పోయిస్తారు. ఆ శ్రద్ధ ఎంతో తెలియాలంటే 2020 వరసలో ట్రాయ్ పొలమాలు దగ్గర ఆగండి. హెల్మెట్ కింద నుంచి వీపు మీదికి పడే ఆ జుట్టుని పాయలు పాయలుగా కంచులోకి దించాడు. దగ్గరికెళ్తే ముఖం కంటే జుట్టే ఎక్కువ చోటు తీసుకున్నట్టుంటుంది.

ఇక్కడే అందరూ తికమకపడేది. ప్రతిమలు అక్షరక్రమంలో ఉండవు, జట్టువారీగా అసలే ఉండవు. ఎంపికైన సంవత్సరం ప్రకారం ఉంటాయి. మీ అభిమాన ఆటగాడు ఏ ఏడాది ఎంపికయ్యాడో ముందే ఫోనులో రాసుకుని వెళ్లండి. జిమ్ బ్రౌన్ 1971, వాల్టర్ పేటన్ 1993, జో మోంటానా 2000, జెర్రీ రైస్ 2010, పేటన్ మానింగ్ 2021. ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపండి, లేకపోతే కంచు మెరిసి ముఖం తెల్లగా పోతుంది.

ప్రతిమల మీద జట్టు గుర్తులు లేకపోవడం మాత్రం మంచి నిర్ణయం. లోపలికొచ్చాక అందరూ సమానమే. ఒకసారి పెట్టిన ప్రతిమని తీసేయరు కూడా. ఓ.జె. సింప్సన్‌ది 1985 వరసలో ఇప్పటికీ ఉంది, ఎందుకంటే ఇక్కడ చూసేది మైదానంలోని ఆట ఒక్కటే. ఈ నియమం నచ్చనివాళ్లు చాలామందే.

ఎంపిక కూడా గట్టిదే. ఆటగాడు రిటైరై అయిదేళ్లు గడవాలి. 50 మంది కమిటీలో 80 శాతం, అంటే 40 ఓట్లు పడాలి. 2025 నుంచి చివరి రౌండు ఇంకా బిగించడంతో ఆ ఏడాది నలుగురే గట్టెక్కారు: ఎరిక్ ఆలెన్, జారెడ్ ఆలెన్, ఆంటోనియో గేట్స్, స్టెర్లింగ్ షార్ప్. బిగించడం మంచిదే. ఏటా ఏడెనిమిది మందిని చేర్చుకుంటూ పోతే గౌరవం పలచబడుతుంది.

ఇక లోటు. మొత్తం మీద కోచ్‌లు పదోవంతు కూడా లేరు, ఉన్నవాళ్లకి జరిగిన న్యాయమూ తక్కువే. ఆటగాడి గొప్పతనం అక్కడి వీడియోలో పది సెకన్లలో తెలిసిపోతుంది. కోచ్ పని అలా కనపడదు. ఉదాహరణకి 1967 వరసలో పాల్ బ్రౌన్. ఆటగాళ్లని తరగతి గదిలో కూర్చోబెట్టి ప్లేబుక్ (ఎత్తుగడల పుస్తకం) చదివించడం, పాత మ్యాచ్‌ల ఫిల్ము వేసి తప్పులు పట్టడం, 40 గజాల పరుగుకి టైము చూడటం, ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో పెట్టి చూడటం, ఇవన్నీ ఆయన చలవే. హాల్‌లోకి వచ్చిన మరుసటి ఏడాది సిన్సినాటి బెంగాల్స్ జట్టుని మైదానంలోకి దించాడు కూడా. ప్రతిమ ముందు నిలబడితే ఇందులో ఒక్కటీ తెలియదు, పక్కనున్న టచ్ స్క్రీన్‌లో వెతుక్కోవాలి. కోచ్ లొంబార్డి పవర్ స్వీప్ అనే ఎత్తుగడలో ఇద్దరు గార్డులు (ముందు వరసలో అడ్డుకునేవాళ్లు) తమ లైను వదిలి పక్కకి ఎలా పరిగెత్తేవారో, మరో కోచ్ బిల్ వాల్ష్ పొట్టి పాసులతో ఆట నడక ఎలా మార్చాడో నేల మీద గీతలు గీసి చూపించినా పిల్లలకి అర్థమయ్యేది. ముందు వరసలో ఎదుటివాళ్లని ఆపే లైన్‌మెన్‌దీ ఇదే కథ: ఆంథొనీ మున్యోజ్ ఎంత గొప్పవాడో టచ్‌డౌన్ (స్కోరు) లెక్కలు చెప్పలేవు కదా.

ఆట కొత్తవాళ్లయితే నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలన్న సూత్రమైనా కారులోనే పిల్లలకి చెప్పి తీసుకెళ్లండి. లోపల ఎవరూ మొదటినుంచి చెప్పరు. థియేటర్ షో టైములు టికెట్ కౌంటర్ దగ్గరే అడిగి, వాటిని బట్టి మిగతాది సర్దుకోండి. సూపర్ బౌల్ (ఎన్ఎఫ్ఎల్ ఫైనల్) గెలిచిన జట్ల ఉంగరాల అర దగ్గర గుంపు ఉంటుంది, వెనక్కొచ్చేటప్పుడు చూడటం మేలు. మొత్తానికి మూడు గంటలు పెట్టుకోండి.

ఆగస్టు మొదటి వారంలో ఎంపికైనవాళ్లకి బంగారు రంగు కోటు, ప్రతిమ ఇచ్చే వేడుక, పక్కనే టామ్ బెన్సన్ స్టేడియంలో మ్యాచ్ జరుగుతాయి. ఆ సందడి కావాలనుకుంటే హోటల్ చాలా ముందే బుక్ చేయాలి. ప్రతిమలు తీరిగ్గా చూడాలంటే మాత్రం ఆ వారం వద్దు. కోచింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు బయటికొచ్చాక పావుగంట దూరంలోని మాసిలన్ వెళ్లండి. పాల్ బ్రౌన్ పేరెన్నికగన్నది అక్కడి హైస్కూలు జట్టుతోనే, స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నారు.