పెద్దక్షరాల బైబిలు: అమ్మ కళ్లకు సరిపోయింది, జిప్పే మోసం

ఒంగోలులో అమ్మ కోసం జిప్పు కవరున్న పెద్దక్షరాల తెలుగు బైబిలు కొన్నాను. శుక్లాల ఆపరేషన్ అయిన అమ్మ వచనాల నంబర్లు కూడా తడుముకోకుండా చదువుతోంది. కాగితం మాత్రం మరీ పల్చన, వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనబడతాయి. జిప్పయితే రెండో వారానికే పట్టేసింది.

కొన్న రోజే లూకా 5వ అధ్యాయం తీసింది. రాత్రంతా ఒక్క చేపా పడక పేతురు వాళ్లు వలలు కడుక్కుంటుంటే, లోతుకు వెళ్లి మళ్లీ వెయ్యమంటాడు యేసు. మాది కొత్తపట్నం, నాన్న వేటకెళ్లేవాడు. “కడిగిన వల మళ్లీ తడపమంటే మీ నాన్న పడవ దిగి ఇంటికొచ్చేసేవాడురా” అని నవ్వింది. పేతురు కూడా ఏమీ పడలేదనే చెప్పాడు. అయినా నీ మాట మీద వేస్తానన్నాడు.

రిబ్బన్లు రెండిచ్చారు, ఇది బాగుంది. ఒకటి లూకాలో ఉంది. రెండోది నెల నుంచీ ఆదికాండము 22లోనే, కొడుకు ఇస్సాకును బలివ్వమని అబ్రాహాముతో దేవుడన్న చోట. “ఇది నాకిప్పటికీ మింగుడు పడదు. అబ్రాహాము తెల్లారగట్లే ఎలా లేచి వెళ్లాడో!” అంటుంది, మళ్లీ అక్కడే తెరుస్తుంది.

కొనేవాళ్లు కవరు లేనిది అడగండి.